వైరస్ అణిగింది, వయసు పెరిగింది: హెచ్‌ఐవీ మందులతో ఇరవై ఏళ్లు

2004 ఏప్రిల్ 1న మన దేశంలో ప్రభుత్వం హెచ్‌ఐవీకి ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టింది. తొలి విడతకు ఎంచుకున్నవి ఎనిమిది ప్రభుత్వ ఆసుపత్రులే. వ్యాధి తీవ్రంగా ఉన్న ఆరు రాష్ట్రాల జాబితాలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఆ రోజుల్లో మంచం దిగలేని స్థితిలో మందు మొదలుపెట్టి, కొన్ని నెలల్లో కోలుకుని మళ్లీ పనిలోకి వెళ్లినవాళ్లలో చాలామంది ఇప్పుడు యాభై దాటారు. మనవలను ఎత్తుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తక్కువగా ఉంటుంది. అయినా ఆసుపత్రి తిరుగుడు తప్పడం లేదు. బీపీకో, షుగర్‌కో, కిడ్నీ పరీక్షకో, మోకాళ్ల నొప్పులకో వెళ్తూనే ఉంటారు.

హెచ్‌ఐవీ మందులు మనిషిని బతికిస్తాయా అన్న ప్రశ్న ఎప్పుడో తేలిపోయింది. ఆ బతుకు ఎంత ఆరోగ్యంగా సాగుతుంది, సాగకపోతే అది వైరస్ పుణ్యమా, మందుల పుణ్యమా, వయసు పుణ్యమా అన్నదే ఇప్పుడు తేలాల్సింది. జనంలో పాతుకుపోయిన మాట ఒకటుంది: ఏళ్ల తరబడి ఆ మందులు మింగితే ఒళ్లు గుల్లవుతుందని. ఇరవై ఏళ్ల పరిశోధనలు చెప్పేది వేరు. మందుల వల్ల కలిగే నష్టం ఉంది, దాన్ని దాచాల్సిన పని లేదు. అంతకంటే పెద్ద నష్టం మందు ఆలస్యంగా మొదలుపెట్టడం వల్ల, మధ్యలో మానేయడం వల్ల, వైరస్‌ను తప్ప మిగతా ఒంటిని ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల జరుగుతోంది.

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) 2023 అంచనాల ప్రకారం దేశంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు సుమారు 25 లక్షలు. ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 3 లక్షలకు పైగా ఉన్నారు. సంఖ్యలో మహారాష్ట్ర తర్వాతి స్థానం ఆంధ్రదే. కాబట్టి ఇది తెలుగువాళ్లకు దూరపు విషయం కాదు.

మొదటి రోజు సీడీ4

మందు వాడేవాళ్ల ఆయుర్దాయం మీద వచ్చిన పెద్ద లెక్కల్లో ఒకటి 2023లో లాన్సెట్ హెచ్‌ఐవీ పత్రికలో అచ్చయింది. ఐరోపా, ఉత్తర అమెరికాల్లో రెండు లక్షల మందికి పైగా రోగుల వివరాలు అందులో ఉన్నాయి. 2015 తర్వాత మందు మొదలుపెట్టి, కనీసం ఏడాది వాడిన 40 ఏళ్ల స్త్రీ సగటున ఇంకా 39 ఏళ్లు, పురుషుడు 37 ఏళ్లు బతుకుతారని అంచనా. అదే వయసు సాధారణ జనాభాకు అవి దాదాపు 46, 41 ఏళ్లు. పురుషుల్లో తేడా నాలుగేళ్లే. ఒంటిని జబ్బుల నుంచి కాపాడే తెల్ల రక్తకణాలైన సీడీ4 సంఖ్య 50 లోపున్నవాళ్ల సంగతి వేరు. వాళ్లలో స్త్రీకి మిగిలేది 25 ఏళ్లు, పురుషుడికి 24. మందులు దాదాపు అవే, వైరస్ అదే. తేడా అంతా శరీరం ఎంత దెబ్బతిన్నాక మందు చేతికొచ్చింది, ఆ తర్వాత ఎంతవరకు కోలుకుంది అన్నదాంట్లో ఉంది.

ఇవి డబ్బున్న దేశాల అంకెలు. వీటిని ఉన్నవి ఉన్నట్టు గుంటూరుకో నల్గొండకో తెచ్చి అతికించలేం. మన సాధారణ ఆయుర్దాయమే అక్కడికంటే తక్కువ. కానీ సీడీ4 ఎంత తక్కువగా ఉంటే నష్టం అంత ఎక్కువన్న సూత్రం ఎక్కడైనా ఒకటే.

ఈ సూత్రాన్ని ప్రపంచం ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. మన దగ్గర మొదట్లో సీడీ4 200 కంటే కిందికి పడిపోతేనే మందు ఇచ్చేవారు. అంతకంటే ఎక్కువ ఉంటే పేరు రాసుకుని, ఆరు నెలలకోసారి రమ్మని పంపేవారు. మందులు తక్కువ, వాటి దుష్ప్రభావాలు ఎక్కువ, జీవితాంతం వాడాలి కాబట్టి ఆలస్యం చేస్తేనే మేలన్నది అప్పటి వైద్యుల ఆలోచన. అది అర్థంలేనిదేమీ కాదు. ఆ లెక్కన మందుకు మధ్యమధ్య విరామం ఇస్తే దుష్ప్రభావాలు తగ్గుతాయా అని పరీక్షించడానికి ‘స్మార్ట్’ అనే పెద్ద ప్రయోగం జరిగింది. 33 దేశాల నుంచి 5,472 మంది చేరారు. ఫలితం తలకిందులైంది. మందు ఆపిన బృందంలో మరణాలు, తీవ్రమైన ఇన్ఫెక్షన్లు రెండున్నర రెట్లు పెరిగాయి. ప్రయోగాన్ని 2006లో మధ్యలోనే ఆపాల్సి వచ్చింది. అసలు ఆశ్చర్యం ఇంకొకటి. మందు ఆపితే గుండె, కిడ్నీ, కాలేయం కాస్త తెరిపిన పడతాయనుకుంటే, ఆ జబ్బులు కూడా ఆపినవాళ్లలోనే ఎక్కువయ్యాయి. ఆ అవయవాలకు మందు చేసే హాని కంటే, అదుపు తప్పిన వైరస్ చేసే హానే పెద్దదని అప్పుడు బయటపడింది.

2015లో వచ్చిన ‘స్టార్ట్’ ప్రయోగం మిగిలిన అనుమానాన్నీ తీర్చింది. సీడీ4 500 పైనే ఉండి, చూడటానికి పూర్తి ఆరోగ్యంగా ఉన్న 4,685 మందిలో సగం మందికి వెంటనే మందిచ్చారు, మిగతావాళ్లను ఆగమన్నారు. వెంటనే మొదలుపెట్టినవాళ్లలో మరణాలు, తీవ్ర జబ్బులు కలిపి 57 శాతం తగ్గాయి. మన దేశంలో సీడీ4 గీత 200 నుంచి 350కి, 500కి జరుగుతూ వచ్చి, చివరికి 2017లో పూర్తిగా చెరిగిపోయింది. ఇప్పుడు పాజిటివ్ అని తేలితే చాలు, సీడీ4తో పని లేకుండా మందు ఇస్తారు.

గీత చెరిపినంత మాత్రాన జనం త్వరగా వస్తారని కాదు. జ్వరం తగ్గక, బరువు సగమై, ఊపిరితిత్తులకు టీబీ పట్టాక పరీక్ష చేయించుకుని తొలిసారి సంగతి తెలుసుకునేవాళ్లు ఇవాళ్టికీ ఉన్నారు. వాళ్ల భవిష్యత్తు ఇరవై ఏళ్ల తర్వాత ఎలా ఉంటుందన్నది చాలావరకు ఆ ఆలస్యంలోనే నిర్ణయమైపోతుంది.

భయం ఎక్కడ పుట్టింది

మందులంటే జనానికి ఉన్న భయం గాల్లోంచి పుట్టలేదు. మన దగ్గర మొదటి దశలో ఎక్కువమందికి ఇచ్చిన కలయిక స్టావుడిన్, లామివుడిన్, నెవిరపిన్. రోజుకు రెండు పూటలా వేసుకోవాలి. ధర తక్కువ, పని చురుకు. లక్షల ప్రాణాలు నిలబెట్టింది ఆ బిళ్లే. కానీ స్టావుడిన్ కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాను దెబ్బతీస్తుంది. రెండు మూడేళ్లు వాడేసరికి బుగ్గలు లోపలికి పోయేవి. చేతుల మీద, కాళ్ల మీద చర్మం కింద కొవ్వు కరిగి నరాలు తాళ్లలా తేలేవి. పిరుదుల్లో కొవ్వు తగ్గి చెక్క బల్ల మీద కూర్చోవడమే కష్టమయ్యేది. పొట్ట, మెడ వెనుక భాగం మాత్రం పెరిగేవి. అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు సరేసరి. కొందరిలో రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుని ప్రాణం మీదికి వచ్చేది. పల్లెల్లో ఆ బుగ్గలే జబ్బుకు సాక్ష్యమైపోయాయి. నోరు విప్పి ఎవరికీ చెప్పకున్నా మొహం చెప్పేసేది.

2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్టావుడిన్‌ను దశలవారీగా మానేయాలని సూచించింది. మన దగ్గరా క్రమంగా తీసేశారు. మందు మార్చాక కొత్త నష్టం ఆగింది గానీ, పోయిన కొవ్వు పూర్తిగా తిరిగి రాలేదు. అరికాళ్ల మంటలు చాలామందికి మిగిలిపోయాయి. తర్వాతి మందులకూ వాటి బాధలు వాటికున్నాయి. జిడోవుడిన్‌తో రక్తం పడిపోయేది. ముందే రక్తహీనత ఉన్న మన ఆడవాళ్లకు అది మరీ కష్టం. గోళ్లు నల్లబడేవి. ఎఫవిరెంజ్ వేసుకుంటే తల తిరగడం, పీడకలలు. అందుకే పడుకోబోయే ముందు వేసుకోమనేవారు. కొందరిలో అది కుంగుబాటుకూ దారితీసింది.

ఇప్పుడు హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లలో కొత్తవాళ్లకు ఇచ్చేది టీఎల్‌డీ. అంటే టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసిన ఒకే బిళ్ల. రోజుకు ఒకటి. వైరస్‌ను కొన్ని వారాల్లోనే అణచేస్తుంది. ఒకటి రెండు రోజులు తప్పినా వైరస్ దీనికి అంత తేలిగ్గా మొండికెయ్యదు. 2017 సెప్టెంబరులో మైలాన్, అరబిందో కంపెనీలు ఈ బిళ్లను పేద, మధ్యాదాయ దేశాలకు ఏడాదికి మనిషికి సుమారు 75 డాలర్లకు ఇస్తామని ఒప్పుకున్నాయి. 2001లో సిప్లా అధిపతి యూసుఫ్ హమీద్ మూడు మందుల కలయికను ఏడాదికి 350 డాలర్లకు ఇస్తానన్నప్పుడు అమెరికాలో దాని ధర పది వేల డాలర్ల పైమాటే. అరబిందో, హెటిరో, లారస్ ల్యాబ్స్ లాంటి కంపెనీలు హైదరాబాద్‌వే. ఆఫ్రికాలో కోట్లాది మంది రోజూ మింగే బిళ్లల్లో పెద్ద వాటా హైదరాబాద్, విశాఖపట్నం చుట్టుపక్కల తయారైన ముడి మందుదే. ఆ ఊళ్లలోనే ఆ మందు పేరు చెప్పడానికి గొంతు తగ్గించాల్సి రావడం మన సమాజం తీరు.

బరువు, కిడ్నీ, ఎముక

టీఎల్‌డీకి దుష్ప్రభావాలు లేవని కాదు. స్టావుడిన్‌లా మొహం మీద కనిపించేవి కావు. రక్త పరీక్షలోనో, తూకంలోనో బయటపడేవి.

బరువు సంగతి ముందు చూద్దాం. దక్షిణాఫ్రికాలో 1,053 మందితో జరిగిన ‘అడ్వాన్స్’ ప్రయోగంలో డోలుటెగ్రావిర్ వాడినవాళ్లు, ఎఫవిరెంజ్ వాడినవాళ్ల కంటే ఎక్కువ బరువు పెరిగారు. ఆడవాళ్లలో ఇది మరీ ఎక్కువ. చిక్కి శల్యమై వచ్చిన మనిషికి బరువు పెరగడం ఆరోగ్య లక్షణమే. ఆ బరువు ఎక్కడ ఆగుతుందన్నదే ప్రశ్న. డోలుటెగ్రావిర్ బరువు పెంచుతోందా, లేక ఎఫవిరెంజ్ ఇన్నాళ్లూ బరువు పెరగకుండా తొక్కిపెట్టిందా అన్న వాదన ఇంకా నడుస్తోంది. రెండింటిలోనూ నిజం ఉన్నట్టుంది. ఎఫవిరెంజ్ శరీరంలో నెమ్మదిగా కరిగే తత్వం ఉన్నవాళ్లలో బరువు తక్కువగా పెరిగినట్టు ఆ ప్రయోగంలోనే తేలింది. ఏదేమైనా భారతీయులకు ఇది చిన్న విషయం కాదు. తెల్లవాళ్లతో పోలిస్తే మనకు తక్కువ బరువులోనే షుగర్ వస్తుంది, కొవ్వు పొట్ట దగ్గరే చేరుతుంది. పైగా ఉగాండాలో డోలుటెగ్రావిర్‌కు మారిన తొలినాళ్లలో కొద్దిమందికి షుగర్ హఠాత్తుగా పెరిగిన సంఘటనలు నమోదయ్యాయి. కాబట్టి మందు మొదలుపెట్టేటప్పుడు, ఆ తర్వాత మూడు నాలుగు నెలలకు ఒకసారి షుగర్ చూడటం ఖర్చు కాదు, తెలివి.

టెనోఫోవిర్ కిడ్నీల మీద, ఎముకల మీద ప్రభావం చూపుతుంది. కిడ్నీలోని సన్నని గొట్టాల్లో పేరుకుని కొందరిలో ఫాస్ఫేట్, గ్లూకోజ్, ప్రోటీన్ మూత్రంలో పోయేలా చేస్తుంది. అందుకే ఆరు నెలలకోసారి, కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ చూడాలి. ఇక్కడ ఒక చిక్కుంది. డోలుటెగ్రావిర్ కిడ్నీకి హాని చేయకుండానే, క్రియాటినిన్ మూత్రంలోకి వెళ్లే ఒక దారిని కాస్త అడ్డుకుంటుంది. దాంతో మొదటి వారాల్లో రిపోర్టులో అంకె కొద్దిగా పెరుగుతుంది. తెలియని వైద్యుడు కిడ్నీ చెడిపోతోందని మందే ఆపించే ప్రమాదం ఉంది. కొద్దిగా పెరిగి అక్కడే నిలిచిందా, నెలనెలా ఎక్కుతోందా అన్నది చూడాలి. రెండోదైతే టెనోఫోవిర్ మార్చాలి.

ఏ మందు మొదలుపెట్టినా మొదటి రెండేళ్లలో ఎముక సాంద్రత 2 నుంచి 6 శాతం తగ్గుతుంది, తర్వాత నిలకడ పడుతుంది. టెనోఫోవిర్‌తో ఈ తగ్గుదల కాస్త ఎక్కువ. ముప్పైల్లో ఉన్నవాళ్లకు ఇది పెద్దగా తెలియదు. నెలసరి ఆగిపోయిన స్త్రీకి, అందులోనూ ఎండ తగలక డి విటమిన్ తక్కువైన స్త్రీకి, బాత్రూంలో జారిపడిన రోజు తెలుస్తుంది.

నివురుగప్పిన నిప్పు

వైరస్ పూర్తిగా అణిగి, రక్తంలో వైరస్ ఎంతుందో కొలిచే వైరల్ లోడ్ పరీక్షలో పదేళ్లుగా ఏమీ కనిపించని వ్యక్తికి కూడా గుండెపోటు ముప్పు ఎక్కువ. ఎందుకన్నది ఈ రంగంలో అన్నిటికంటే ఆసక్తికరమైన కథ.

హెచ్‌ఐవీ ఒంట్లోకి వచ్చిన మొదటి వారాల్లోనే పేగు గోడలోని సీడీ4 కణాలను ఊడ్చేస్తుంది. రక్తంలో కనిపించే సీడీ4 పతనం తర్వాతెప్పుడో జరిగేది. పేగుల్లో మాత్రం ఆ విధ్వంసం వెంటనే జరుగుతుంది. మందు వేసుకున్నాక రక్తంలోని కణాలు కోలుకున్నంతగా పేగు గోడ కోలుకోదు. దాంతో పేగుల్లోని బ్యాక్టీరియా ముక్కలు కొద్దికొద్దిగా రక్తంలోకి జారుతూ ఉంటాయి. రోగనిరోధక వ్యవస్థ వాటిని చూసి ఎప్పుడూ యుద్ధానికి సిద్ధంగా ఉంటుంది. మరోపక్క మందు తాకలేని చోట్ల, నిద్రపోతున్న కణాల్లో వైరస్ దాగి ఉంటుంది. అందుకే మందు ఆపిన కొన్ని వారాల్లో మళ్లీ లేస్తుంది. దానికి తోడు మనలో చాలామందికి చిన్నప్పుడే సోకే సైటోమెగాలోవైరస్ లాంటివి ఆ వ్యవస్థను గిల్లుతూ ఉంటాయి. పైకి అంతా చల్లగా ఉన్నట్టే ఉంటుంది, లోపల మాత్రం నిప్పు ఆరదు. రక్తంలో ఈ సెగను పట్టిచ్చే ఇంటర్‌ల్యూకిన్-6, డి-డైమర్ లాంటి గుర్తులు కాస్త ఎత్తులోనే ఉంటాయి. ఏళ్ల తరబడి ఈ సెగ తగిలి రక్తనాళాల లోపలి పొర గరుకు తేలుతుంది.

అమెరికాలో కైజర్ పర్మనెంటె అనే ఆరోగ్య సంస్థ సభ్యుల వివరాలతో 2020లో వచ్చిన విశ్లేషణ దీన్ని అంకెల్లో చూపింది. 2000 నుంచి 2016 వరకు హెచ్‌ఐవీ ఉన్న దాదాపు 39 వేల మందిని, లేని సుమారు 3 లక్షల 88 వేల మందిని పోల్చారు. చివరి సంవత్సరాల నాటికి ఆయుర్దాయంలో తేడా 9 ఏళ్లకు తగ్గింది. కానీ గుండె, కిడ్నీ, కాలేయం, ఊపిరితిత్తుల జబ్బులు, షుగర్, క్యాన్సర్ లేకుండా గడిపే కాలంలో తేడా 16 ఏళ్లు. అంటే బతుకు నిడివిని మందు చాలావరకు తిరిగిచ్చింది; ఆరోగ్యంగా గడిచే కాలాన్ని ఇంకా పూర్తిగా ఇవ్వలేదు. ఈ 16 ఏళ్లలో వైరస్ వాటా ఎంత, సిగరెట్ వాటా ఎంత అని విడదీయడం కష్టం. డెన్మార్క్‌లో 2013లో వచ్చిన ఒక అధ్యయనం ఆ ప్రయత్నం చేసింది. మంచి వైద్యం అందుతూ పొగ తాగే హెచ్‌ఐవీ రోగి, వైరస్ వల్ల పోగొట్టుకునే ఏళ్లు సుమారు 5 అయితే, పొగ వల్ల పోగొట్టుకునేవి 12. చుట్ట, బీడీ, గుట్కా గురించి కౌన్సెలర్ అడిగే ప్రశ్న ఫారంలో టిక్కు కోసమే అయితే ఎంత నష్టమో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

సెగను తగ్గించే దారి ఒకటి దొరికింది. ‘రిప్రీవ్’ అనే ప్రయోగంలో 40 నుంచి 75 ఏళ్ల మధ్య వయసున్న 7,769 మందికి, అంటే మామూలు లెక్కల ప్రకారం స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) అవసరం లేదనుకునే హెచ్‌ఐవీ రోగులకు, పిటావాస్టాటిన్ 4 మిల్లీగ్రాముల మాత్రో, ఉత్తి మాత్రో ఇచ్చారు. పాల్గొన్న 12 దేశాల్లో భారత్ కూడా ఉంది. గుండెపోటు, పక్షవాతం లాంటివి స్టాటిన్ బృందంలో 35 శాతం తగ్గాయి. మేలు అంత స్పష్టంగా కనిపించడంతో 2023లో ప్రయోగాన్ని ముందే ముగించారు. షుగర్ కొత్తగా వచ్చినవాళ్లు మాత్రం స్టాటిన్ బృందంలో కాస్త ఎక్కువ, 4 శాతానికి బదులు 5.3 శాతం. ఈ ఫలితం తర్వాత అమెరికాలో నలభై దాటిన హెచ్‌ఐవీ రోగులకు స్టాటిన్ గురించి మాట్లాడటం మామూలైంది. మన దగ్గర అయితే ముందు బీపీ చూసే అలవాటైనా పడాలి. ఏఆర్‌టీ సెంటర్‌కు ప్రతి నెలా వచ్చే మనిషి చేతికి బీపీ పట్టీ చుట్టడానికి రెండు నిమిషాలు చాలు.

క్యాన్సర్, టీబీ గురించి క్లుప్తంగా. హెచ్‌ఐవీ ఉన్న స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు ఆరు రెట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మందు వాడుతున్నా పరీక్ష తప్పదు. 25 ఏళ్ల నుంచే మొదలుపెట్టి 3 నుంచి 5 ఏళ్లకోసారి చేయించాలని దాని సూచన. టీబీ ముప్పు మందుతో బాగా తగ్గుతుంది, పూర్తిగా పోదు. మన దేశంలో హెచ్‌ఐవీ రోగులను ఎక్కువగా బలిగొన్నది టీబీయే కాబట్టి, దాన్ని రాకుండా ఆపే ఐసోనియాజిడ్ కోర్సు విషయంలో బద్ధకిస్తే ఇన్నేళ్ల వైద్యం వృథా. హెపటైటిస్-బి కూడా ఉన్నవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి: టెనోఫోవిర్, లామివుడిన్ రెండూ ఆ వైరస్‌నూ అణచిపెడతాయి. హఠాత్తుగా మానేస్తే కాలేయం ఒక్కసారిగా వాచిపోవచ్చు.

రెండు సంచులు, ఇద్దరు డాక్టర్లు

ఏఆర్‌టీ సెంటర్ మొదట్నుంచీ ఒకే జబ్బు కోసం కట్టిన వ్యవస్థ. అక్కడ కౌన్సెలర్ మిగిలిన మాత్రలు లెక్కపెడతారు, రక్తం తీస్తారు, వైరల్ లోడ్ ఏడాదికోసారి చూస్తారు. ఆ పనిలో అది దేశంలోని మంచి ప్రజారోగ్య కార్యక్రమాల్లో ఒకటి, సందేహం లేదు. కానీ అదే మనిషికి షుగర్ వస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. అక్కడ పనిచేసే నర్సు ఊరిమనిషి. ఆమెకు హెచ్‌ఐవీ సంగతి చెబితే ఊరికి చెప్పినట్టేనన్న భయం. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం రోగి అనుమతి లేకుండా ఆ విషయం బయటపెట్టకూడదు. చట్టం ఉన్నా భయం పోలేదు. అందుకని షుగర్ డాక్టరుకు హెచ్‌ఐవీ మందుల సంగతి చెప్పరు, ఏఆర్‌టీ డాక్టరు అడిగితే తప్ప షుగర్ మాత్రల సంగతి చెప్పరు. 30 మాత్రల టీఎల్‌డీ డబ్బా నడుస్తుంటే సంచిలో గలగలమంటుందని, సెంటర్ గేటు దాటకముందే మాత్రలు కాగితంలో పొట్లం కట్టి డబ్బా చెత్తబుట్టలో పడేసి వెళ్లేవాళ్లు ఉంటారు. గాలి, తేమ తగలకుండా ఉండాల్సిన మాత్ర పొట్లంలో నెలంతా నలుగుతుంది.

ఈ దాపరికం మందుల మధ్య గొడవలు పెడుతుంది. డోలుటెగ్రావిర్ వాడేవాళ్ల రక్తంలో షుగర్ మందు మెట్‌ఫార్మిన్ మోతాదు పెరుగుతుంది. రోజుకు వెయ్యి మిల్లీగ్రాములు దాటకపోవడం మంచిది. రెండు వేలు రాసిన డాక్టరుకు ఆ సంగతి తెలిసే దారి లేదు. రోగికి విరేచనాలు పట్టుకుంటే నింద మాత్రం హెచ్‌ఐవీ మందు మీద పడుతుంది. ఇంకా సాధారణమైనది గ్యాస్ మందు. అల్యూమినియం, మెగ్నీషియం ఉండే గులాబీ రంగు ద్రావకం మన ఇళ్లలో మంచినీళ్లలా తాగేస్తారు. అది డోలుటెగ్రావిర్‌ను కడుపులోనే పట్టేసుకుని రక్తంలోకి పోనివ్వదు. అది తాగడానికి రెండు గంటల ముందో, తాగిన ఆరు గంటల తర్వాతో బిళ్ల వేసుకోవాలి. గర్భిణులకిచ్చే ఐరన్, కాల్షియం మాత్రలూ ఇదే పని చేస్తాయి, అయితే వాటిని అన్నంతో పాటు బిళ్లతో కలిపి వేసుకోవచ్చు. టీబీకి రిఫాంపిసిన్ మొదలైతే డోలుటెగ్రావిర్ రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. మొదటి మందులు పనిచేయనప్పుడు ఇచ్చే రెండో వరుస మందుల్లో ఉండే రిటోనావిర్ అయితే మరీ గడుసుది: ఆయాసానికి పీల్చే కొన్ని స్టెరాయిడ్లు దాంతో కలిస్తే రక్తంలో పేరుకుని మొహం గుండ్రంగా వాచిపోతుంది, సిమ్వాస్టాటిన్ దాంతో అసలు కలపకూడదు.

గల్ఫ్‌కు వెళ్లేవాళ్ల బాధ ఇంకో రకం. అక్కడి దేశాలు వీసాకు ముందు చేసే వైద్య పరీక్షలో హెచ్‌ఐవీ ఉంటే అనర్హులని తోసేస్తాయి, అక్కడికి వెళ్లాక బయటపడితే తిప్పి పంపేస్తాయి. అక్కడ పనిలో ఉండగా పాజిటివ్ అయిన కరీంనగర్, నిజామాబాద్ కూలీ పరీక్షే చేయించుకోడు. ఊరికొచ్చేనాటికి సీడీ4 ఎంతకు పడిపోయి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. అమెరికా అలాంటి నిషేధాన్ని 2010 జనవరిలో ఎత్తేసింది.

ఆరోగ్యాన్ని డబ్బు కూడా నిర్ణయిస్తుంది. మందు ఉచితమే గానీ సెంటర్‌కు వచ్చిపోయే బస్సు చార్జీ, పోగొట్టుకునే ఒక రోజు కూలి ఉచితం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఏఆర్‌టీ వాడేవారికి సామాజిక పింఛను 2024 నుంచి నెలకు 4,000 రూపాయలు అందుతోంది. తెలంగాణలో ఆసరా పింఛను ఉంది. భర్తలు ఉచిత మందులు రాకముందే పోయి, పిల్లలతో మిగిలిన స్త్రీలకు ఈ పింఛను, మందు రెండూ కలిసి నడవడం వల్లే ఇన్నేళ్లు ఆగకుండా సాగింది. నెలనెలా కాకుండా రెండు మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇచ్చే పద్ధతి కొవిడ్ కాలంలో బాగా పెరిగింది. మానేసేవాళ్లను తగ్గించడానికి అదొక్కటే పోస్టర్లన్నిటికంటే ఎక్కువ పనిచేస్తుంది.

మందు ఆపకుండా వాడి వైరల్ లోడ్ 200 లోపు ఉన్నవాళ్ల నుంచి లైంగికంగా మరొకరికి వైరస్ సోకదని పార్ట్‌నర్ అధ్యయనాలు 2016, 2019ల్లో నిర్ధారించాయి. అంతకుముందు 2011లో, పుణె, చెన్నై దంపతులు కూడా పాల్గొన్న హెచ్‌పీటీఎన్ 052 ప్రయోగంలో, మందు ముందే మొదలుపెడితే భాగస్వామికి సోకే ముప్పు 96 శాతం తగ్గింది. పెళ్లి, పిల్లలు, కాపురం అన్నీ సాధ్యమేనని దీనర్థం. తల్లి నుంచి వైరస్ సోకి, ఉచిత మందులతో పెరిగి, ఇప్పుడు ఇరవైల్లోకి వచ్చిన తరానికి ఈ మాట అందరికంటే అవసరం. వాళ్లలో కొందరు పాత మందుల మోతాదులు మింగుతూ బాల్యం గడిపారు, చాలామంది తమకేముందో పన్నెండు పదమూడేళ్ల వయసులో గానీ తెలుసుకోలేదు. వైద్యులు యాభై దాటిన రోగుల్లో చూసే ఎముక, గుండె, కిడ్నీ ప్రశ్నలు వీళ్ల విషయంలో ముప్పైల్లోనే అడగాల్సి రావచ్చు. వీళ్లు ఇంకా నలభై యాభై ఏళ్లు మందు వాడాలి. అంతకాలం డోలుటెగ్రావిర్ వాడినవారు ప్రపంచంలో ఒక్కరూ లేరు. దానికి అమెరికాలో అనుమతి వచ్చిందే 2013లో.